పాసయిన పైపు ఏ ప్రశ్నకు పాసయింది?

కావలి దాటాక హైవే పక్కన ఆగి ఉన్న ట్రెయిలర్ల మీద ఉక్కు పైపుల కట్టలు కనబడితే నేను బండి ఆపి చదువుతాను. చెన్నై వైపు నుంచి కాకినాడ, కోనసీమలకు రోడ్డు మీద పోయే సరుకు 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని మన జిల్లా దాటాల్సిందే. చమురు, గ్యాసు బావుల్లో దించే పైపు అయితే దాని ఒంటి మీద పెయింటుతో పొడుగాటి వరస ఒకటి ఉంటుంది. తయారీదారు గుర్తు, ఏపీఐ 5సీటీ అన్న అమెరికా పెట్రోలియం సంస్థ ప్రమాణం పేరు, సైజు, అడుగుకు ఎన్ని పౌండ్ల బరువు, ఉక్కు బలాన్ని చెప్పే గ్రేడు, అతుకు లేని పైపా వెల్డు పైపా అన్నది, ఆ తర్వాత పరీక్ష పెట్టిన ఒత్తిడి. 4900 అనో, 7100 అనో ఒక అంకె.

ఆ అంకెకు అర్థం ఇంతే: ఈ పైపులో నీళ్లు నింపి చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి పెట్టాం, పగల్లేదు, కారలేదు. అంతకు మించి అది ఏమీ చెప్పదు. చెబుతుందని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం పెరిగేకొద్దీ మిల్లులో పరీక్ష తంతుగా మారిపోతోంది. ఈ రెండూ కలిసి ఎంత ప్రమాదం తెచ్చిపెడతాయో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నాది థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ పని. కొనేవాళ్ల తరఫున పైపు మిల్లుకు వెళ్లి, పరీక్షలు కళ్లారా చూసి, కాగితాల మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాక పైపు నేలలోకి దిగిపోతుంది, సిమెంటు దాన్ని కప్పేస్తుంది, ఆ తర్వాత ఎవరి కంటా పడదు.

మా అక్క కొడుకు పొదిలిలో పెరిగాడు. ఐటీఐలో ఫిట్టర్ చేసి వేరే రాష్ట్రంలో ఒక పైపు మిల్లులో, ఈ నీటి పరీక్ష పెట్టే హైడ్రో టెస్టింగ్ బెంచీ దగ్గర చేరాడు. పోయిన ఏడాది రొట్టెల పండక్కి అక్క నెల్లూరొచ్చి స్వర్ణాల చెరువులో దిగి వాడి కోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. కోరిక తీరింది కాబట్టి ఈ ఏడాది రొట్టె వదలడానికి వాడే సెలవు పెట్టి వచ్చాడు. దర్గా నుంచి ఇంటికొచ్చి అన్నాలకు కూర్చున్నప్పుడు అడిగాడు.

"మామా, మేం పైపును ప్రెజర్లో పట్టి ఉంచేది 5 సెకన్లే. బావిలో అది ఇరవై ముప్పై ఏళ్లు ఉండాలంట. 5 సెకన్లలో ఏం తెలుస్తాది?"

"ఏం తెలీకపోతే ఎందుకు పెడతార్రా?"

"నేనూ అదే అడుగుతుండా. మా షిఫ్టు ఇంజనీరు సారేమో ఇది ఊరికే ఫార్మాలిటీ, ఏమన్నా ఉంటే అల్ట్రాసోనిక్‌లో ఎట్టా దొరికిపోతాది, నువ్వు పైపుల కౌంటు చూసుకోబ్బా అంటుండాడు."

వాడి ప్రశ్న మంచి ప్రశ్న. ఆ ఇంజనీరు జవాబు తప్పు. ఎందుకు తప్పో వాడికి ఆ పూట చెప్పిందే ఇక్కడ ఇంకాస్త విడమరిచి చెబుతాను.

పొదిలి, కనిగిరి వైపు బోరు వేయించిన వాళ్లకు కేసింగు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. పైన వదులు మట్టి కూలకుండా కొన్ని పైపులు దించుతారు, రాయి తగిలాక కింద రాయే గోడ. చమురు బావి సంగతి వేరు. అక్కడ పొరలు పొరలుగా మట్టిరాళ్లు, ఇసుకరాళ్లు, వాటి మధ్య ఉప్పునీళ్లు, గ్యాసు. ఒక్కో పొరకు ఒక్కో ఒత్తిడి. అందుకని 20 అంగుళాల పైపు, దాని లోపల 13⅜, దాని లోపల 9⅝, దాని లోపల 7, ఇలా ఒకదాంట్లో ఒకటి దించుకుంటూ వెనక సందులో సిమెంటు ఎక్కించుకుంటూ పోతారు. అన్నిటికన్నా లోపలి సన్న గొట్టం, ట్యూబింగు, చమురునో గ్యాసునో పైకి తెస్తుంది. 3 కిలోమీటర్ల లోతులో ఉత్త మంచినీళ్లు నిలబడి ఉన్నా వాటి బరువుకే చదరపు అంగుళానికి సుమారు 4,260 పౌండ్ల ఒత్తిడి పుడుతుంది. గ్యాసు ఇరుక్కున్న పొరల్లో అంతకన్నా చాలా ఎక్కువ ఉండొచ్చు. కృష్ణా-గోదావరి బేసిన్లోనే అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత ఉన్న బావులున్నాయి.

ఇక బెంచీ దగ్గరికి వస్తే, పైపు రోలర్ల మీద దొర్లుకుంటూ వచ్చి పడుతుంది. రెండు కొనల్నీ రెండు హెడ్లు బిగిస్తాయి. ముందు తక్కువ ఒత్తిడితో నీళ్లు గబగబా నింపుతారు. తుప్పు పట్టకుండా అందులో కాస్త కరిగే నూనె కలుపుతారు కాబట్టి నీళ్లు పాలలా తెల్లగా ఉంటాయి. అవతలి కొన దగ్గరున్న వాల్వులోంచి గాలంతా పోయి, బుడగలు ఆగి, నీళ్లు ఒకే ధారగా వచ్చేదాకా ఆగాలి. అప్పుడు వాల్వు మూసి, నీటి ఒత్తిడిని ఎన్నో రెట్లు పెంచే ఇంటెన్సిఫయర్‌తో ఒత్తిడి ఎక్కిస్తారు. గేజి ముల్లు లేస్తుంది. కావలసిన అంకె దగ్గర 5 సెకన్లకు తగ్గకుండా నిలబెట్టి, దించి, నీళ్లు వదిలేసి, తర్వాతి పైపు.

గాలి పోయేదాకా ఆగమన్నది కుర్రాళ్లు తేలిగ్గా తీసుకునే మాట. 9⅝ అంగుళాల పైపు, అడుగుకు 47 పౌండ్లు, 12 మీటర్ల పొడవు అనుకుందాం. లోపల సుమారు 458 లీటర్లు పడతాయి. దాన్ని 6,300 పీఎస్ఐకి, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లకు, తీసుకెళితే ఆ నీళ్లలో దాగే శక్తి దాదాపు 2 లక్షల జౌల్స్. టన్ను బరువును 20 మీటర్లు ఎత్తడానికి సరిపోతుంది. అదే పైపులో అదే ఒత్తిడితో నీళ్లకు బదులు గాలి ఉంటే? లెక్క కడితే 200 రెట్లు. నీళ్లు నొక్కితే నొక్కుడు పడేది చాలా కొంచెం, పైపు పగిలిందంటే ఒత్తిడి క్షణంలో పడిపోతుంది. గాలి అలా పడిపోదు, విచ్చుకుంటూ చేతికందిందల్లా విసిరేస్తుంది. పరీక్షకు నీళ్లనే ఎంచుకున్నది ఇందుకే, పైపులో మిగిలిన గాలి జానెడు పొడవే అయినా వదలొద్దనేది ఇందుకే. ఆ ఒత్తిడి దగ్గర ఒక్కో హెడ్డు మీద పడే తోపుడు 150 టన్నులకు పైనే. సీలు దగ్గర సూదంత సందు దొరికినా నీటి ధార చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. వాడికి మొట్టమొదట చెప్పింది ఇదే: ముల్లు సున్నాకు దిగేదాకా బారికేడు దాటొద్దు, ఎవరు పిలిచినా సరే.

ఆ 6,300 ఎక్కడి నుంచి వచ్చింది? లెక్క పాతదే, పీటర్ బార్లో అనే ఇంగ్లిషు గణితవేత్త పేరు మీద నడుస్తున్నది. ఉక్కు మీద పెట్టదలచిన బిగువును రెండుతో, గోడ మందంతో గుణించి, పైపు బయటి వ్యాసంతో భాగించాలి. ఎల్80 గ్రేడు అంటే ఆ ఉక్కు కనీసం 80 వేల పీఎస్ఐ బిగువు దాకా సాగినా తిరిగి తన ఆకారానికి రావాలి, అది దాటితేనే శాశ్వతంగా సాగాలి. పరీక్షలో ఆ హద్దులో 80 శాతం దాకా తీసుకెళతారు, అంటే 64 వేలు. గోడ మందం 0.472 అంగుళాలు. లెక్క కడితే 6,277 వస్తుంది, దగ్గరి వందకు సవరిస్తే 6,300. కొన్ని తక్కువ గ్రేడుల్లో, పెద్ద సైజుల్లో 80కి బదులు 60 శాతమే. లెక్క ఎంత పైకి పోయినా మామూలుగా 10,000 పీఎస్ఐ దగ్గర ఆపేస్తారు. ఆ 5 సెకన్లలో పైపు వ్యాసం అర మిల్లీమీటరు ఉబ్బి, ఒత్తిడి తీయగానే మళ్లీ వెనక్కి వస్తుంది. కంటికి ఆనదు. కానీ ఆ క్షణంలో పైపు ఒళ్లంతా, ఈ కొన నుంచి ఆ కొన దాకా, ఒకే బిగువులో ఉంటుంది. మిల్లులో ఇంకే పరీక్షా ఈ పని చేయదు.

ఇంజనీరు చెప్పిన అల్ట్రాసోనిక్ వాదనను, అంటే చెవికి వినబడని శబ్దతరంగాన్ని ఉక్కులోకి పంపి పగుళ్లు వెతికే పరీక్ష చాలన్న మాటను, నేను తీసిపారేయను. గోడ మందంలో 5 శాతం లోతున్న గీతను సైతం పట్టేలా ఆ యంత్రాన్ని అమరుస్తారు. అంత చిన్న గీత నీటి పరీక్షలో దర్జాగా పాసయిపోతుంది. పగుళ్లు వెతకడానికి అల్ట్రాసోనిక్ మేలని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ శబ్దతరంగం గీతల్ని వెతుకుతుందే గానీ ఉక్కు బలాన్ని తూచదు. యార్డులో 7 అంగుళాల, 26 పౌండ్ల పైపులు రెండు రకాలున్నాయనుకోండి, పి110 ఒకటి, జె55 ఒకటి. గోడ మందం ఒకటే, వ్యాసం ఒకటే, రంగు పట్టీ చెరిగితే ఏది ఏదో కంటితో చెప్పలేం. రాత్రి షిఫ్టులో జె55 పైపు ఒకటి పి110 వరసలోకి దొర్లిందనుకుందాం. పగులు లేకపోతే అల్ట్రాసోనిక్ దాన్ని శుభ్రంగా పాస్ చేస్తుంది. హైడ్రో బెంచీ మీద పి110కి పెట్టాల్సిన ఒత్తిడి 9,100 పీఎస్ఐ. అంత ఒత్తిడికి గోడలో పుట్టే బిగువు 88 వేలు. జె55 ఉక్కు హద్దు 55 వేలకు 80 వేలకు మధ్య ఉండాలి. అంటే ఆ పైపు ఉబ్బిపోతుంది, లేదా చీలిపోతుంది. ఒత్తిడి ఎక్కాల్సినట్టు ఎక్కదు, నిలవాల్సినట్టు నిలవదు. బెంచీ దగ్గరున్న కుర్రాడు గేజి వైపు చూస్తుంటే అక్కడికక్కడే దొరికిపోతుంది. కౌంటు వైపు చూస్తుంటే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఈ పరీక్ష అడిగే ప్రశ్న అదీ: ఈ పైపు మొత్తంగా, ఇప్పుడు, ఇక్కడ, లోపలి నుంచి ఇంత ఒత్తిడిని మోస్తుందా? ఆ ప్రశ్నకు ఇంత సూటిగా జవాబిచ్చే పరీక్ష ఇంకోటి లేదు. దీన్ని ఫార్మాలిటీ అన్నవాడికి దీని విలువ తెలియదు.

రెండో వైపు తప్పు కూడా అంతే పెద్దది. పాసయిందంటే ఇక దేనికైనా తట్టుకుంటుందన్న నమ్మకం. అదే 9⅝ పైపును తీసుకోండి. లోపలి నుంచి పగలగొట్టాలంటే ప్రమాణం ప్రకారం దానికి ఇచ్చిన హద్దు 6,870 పీఎస్ఐ. బయటి నుంచి నలిపేయాలంటే దాదాపు 4,750 చాలు. బావిలో ఈ రెండో ప్రమాదం రోజూ ఉండేదే. లోపలి ద్రవం ఏదో కారణంగా తగ్గిపోయిందా, బయటి పొరల ఒత్తిడి పైపును నలిపేస్తుంది. మిల్లు పరీక్షలో ఎప్పుడూ లోపలి నుంచే తోస్తాం. బయటి నుంచి తోసి చూడటం అందులో లేనే లేదు.

గ్రేడుల సంగతి ఇంకా లోతైనది. ఎన్80, ఎల్80 రెండింటికీ కనీస బలం 80 వేలే. 5½ అంగుళాల 17 పౌండ్ల పైపయితే రెండింటికీ పరీక్ష ఒత్తిడి 7,100. రెండూ పాసవుతాయి, రెండింటి మీదా అదే అంకె పడుతుంది. కానీ ఎల్80లో బలానికి పైహద్దు కూడా గట్టిగా పెట్టారు, 95 వేలు దాటకూడదు, గట్టిదనం రాక్‌వెల్ అనే కొలతలో 23 దాటకూడదు. ఎన్80కి 1,10,000 దాకా పోవచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన గ్యాసులో, అంత వేడి లేని చోట, మరీ గట్టిగా ఉన్న ఉక్కు లోపల్లోపలే పగులుతుంది. ఒక పెళుసు వస్తువు విరిగినట్టు విరుగుతుంది, ముందుగా ఉబ్బడం లాంటి హెచ్చరికేదీ ఇవ్వదు. అలాంటి బావిలో ఎల్80 నిలబడొచ్చు, ఎన్80 నిలబడకపోవచ్చు. నీళ్లతో 5 సెకన్ల పరీక్షకు ఈ తేడా ఏ కోశానా కనబడదు. దీన్ని చెప్పేది గట్టిదనం పరీక్ష, రసాయన విశ్లేషణ, ఉక్కును వేడిచేసి చల్లార్చిన రికార్డులు. అవి చదవకుండా ఒత్తిడి అంకె ఒక్కటి చూసి తృప్తి పడితే మోసపోయేది మనమే.

అతుకుల గురించి కూడా. 3 కిలోమీటర్ల బావికి 12 మీటర్ల పైపులు 250 దాకా కావాలి, అంటే దాదాపు అన్ని అతుకులు. రెండు పైపుల్ని కలిపే మరల గొట్టం ముక్కను కప్లింగు అంటారు. ప్రతి కప్లింగుకీ ఒక వైపు మిల్లులో బిగిస్తారు, రెండో వైపు రిగ్గు మీద బిగిస్తారు. వానలో, బురదలో, అర్ధరాత్రి బిగించే ఆ రెండో వైపును ఏ మిల్లూ పరీక్షించలేదు. థ్రెడ్డు మీద ఒక ఇసుక రేణువు, గ్రీజు సరిపడా పూయకపోవడం, టార్క్ కాస్త అటూ ఇటూ కావడం, ఏదైనా చాలు గ్యాసుకు దారి దొరకడానికి. నీళ్లు కారని సందులోంచి గ్యాసు పోగలదు కూడా.

కాలం అన్నది మరొకటి. వంటింటి గ్యాసు సిలిండరు పైన పట్టీ మీద ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం, పక్కన ఏడాది రాసి ఉంటాయి. మళ్లీ పరీక్ష పెట్టాల్సిన గడువు అది. ఆ గడువుకు సిలిండరును వెనక్కి తీసుకెళ్లి నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చూస్తారు. కేసింగు పైపును అలా బయటికి తీసి మిల్లుకు పంపలేం. దించాక, సిమెంటు గట్టిపడ్డాక బావిలోనే ఒకసారి ఒత్తిడి పెట్టి చూస్తారు. అమెరికా సముద్ర బావుల నియమాల్లో 30 నిమిషాల్లో 10 శాతానికి మించి ఒత్తిడి పడిపోకూడదని ఉండేది. ఆ తర్వాత మిగిలేవి లోపలికి పరికరం దించి గోడ మందం కొలవడం, పైపుల మధ్య సందుల్లో ఒత్తిడి పెరుగుతోందేమో పైన గేజి మీద కనిపెట్టుకుని ఉండటం. బావి ముసలిదయ్యేకొద్దీ ఆ గేజి దగ్గర కాపలా పెరగాలి. తగ్గితే, మిల్లులో ఎప్పుడో పడిన 6,300 అన్న అంకె ఎవరినీ కాపాడదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం గ్రామం మీద ఏం జరిగిందో మనకు తెలుసు. అది బావి కాదు, 18 అంగుళాల గ్యాసు పైపులైను. తేమ ఉన్న గ్యాసు, లోపల తుప్పు, లీకు. 20 మందికి పైగా నిద్రలోనో, లేచీ లేవకముందో కాలిపోయారు. పైపులైన్లకు వాడే పైపుకు కూడా మిల్లులో ఇలాంటి నీటి పరీక్షే ఉంటుంది, అక్కడా సెకన్ల లెక్కే. కొత్తగా ఉన్న రోజున ఉక్కు ఏం మోసిందో తుప్పు తిన్న రోజున అదే మోస్తుందని ఏ పరీక్షా హామీ ఇవ్వలేదు. అంతకు ముందు 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. ఆ మంటకు పైపు పరీక్షే కారణమని నేను అనడం లేదు. నేల కింది ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో మన తీరం వాళ్లు కళ్లతో చూశారని మాత్రం అంటున్నాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఉదాహరణ. 2010 ఏప్రిల్ 20, మెక్సికో సింధుశాఖ, మకోండో బావి, డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు. ఆ రోజు ముందుగా కేసింగుకు లోపలి నుంచి ఒత్తిడి పెట్టి చూశారు. పాసయింది. తర్వాత నెగెటివ్ టెస్ట్. లోపల ఒత్తిడి తగ్గించి, అడుగు నుంచి ఏదన్నా లోపలికి తోసుకొస్తోందేమో చూసే పరీక్ష. బావి గట్టిగా మూసుకుని ఉంటే డ్రిల్ పైపులో ఒత్తిడి సున్నా దగ్గర ఉండిపోవాలి. 1,400 పీఎస్ఐ చూపించింది. పక్కనున్న కిల్ లైన్లో మాత్రం ఏమీ రావడం లేదు. రెండూ ఒకే బావిలోకి తెరుచుకునే గొట్టాలు, ఒకదాంట్లో 1,400 ఉంటే ఇంకోదాంట్లో ఏమీ లేకపోవడం కుదిరే పని కాదు. రిగ్గు మీద వాళ్లు దానికి ఒక వివరణ చెప్పుకున్నారు, పైనున్న బరువైన ద్రవం రబ్బరు సీలును నొక్కడం వల్ల అలా చూపిస్తోందని. తమకు నచ్చిన గేజిని నమ్మారు. పాస్ అన్నారు. ఆ రాత్రి పది కొట్టకముందే గ్యాసు పైకొచ్చి పేలింది. 11 మంది చనిపోయారు. చమురు ధారను ఆపేసరికి 87 రోజులు పట్టింది.

పరీక్ష పెట్టారు. పరీక్ష సరిగ్గానే జవాబిచ్చింది. 1,400 అన్న అంకె వాళ్ల కళ్ల ముందే ఉంది. పాసవ్వాలన్న కోరికతో చదివినప్పుడు ఆ అంకె వాళ్లకు పనికిరాకుండా పోయింది. అందుకే నేను పదే పదే అనేది, పరీక్ష దగ్గర నిలబడేవాడు ఫెయిలవుతుందేమో అని చూడాలి, ఫెయిల్ అని చెప్పగల స్థితిలో ఉండాలి.

ఆ స్థితి మన మిల్లుల్లో ఉందా? పేరు అక్కర్లేదు, ఒక మిల్లులో నేను చార్టులు చూశాను. చార్టు అంటే ప్రతి పైపుకూ ఒత్తిడి ఎలా ఎక్కింది, ఎంతసేపు నిలిచింది, ఎలా దిగింది అన్న గీత. సరైన గీతకు పైన బల్లపరుపు ఉండాలి, 5 సెకన్లకు తగ్గకుండా. అక్కడ నేను చూసిన గీతలకు పైన బల్లపరుపు లేదు, మొన ఉంది. ముల్లు లేచి, అంకెను ముట్టుకుని, దిగిపోయింది. టైమరు మాత్రం 5 సెకన్లు చూపిస్తోంది, ఎందుకంటే ఒత్తిడి ఇంకా ఎక్కుతుండగానే లెక్క మొదలయ్యేలా దాన్ని అమర్చారు. షిఫ్టుకు ఇన్ని టన్నులు అన్న టార్గెట్ ఉన్నచోట ప్రతి పైపు మీదా మూడు నాలుగు సెకన్లు కలిసొస్తే పెద్ద మొత్తమే. ఆ వరస మొత్తాన్నీ మళ్లీ పెట్టించాను. రెండోసారి ఒక పైపు కప్లింగు దగ్గర చెమర్చింది. బెంచీ దగ్గరున్న ఆపరేటరును పక్కకు పిలిచి అడిగితే, "తెలుసు సార్. చెబితే నన్ను ప్యాకింగుకు మార్చేస్తారు" అన్నాడు. ఒంగోలు యాస. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు డబ్బు పంపే పిల్లాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. టైమరును అలా అమర్చమన్న వాడి మీద వచ్చింది, ఇప్పటికీ ఉంది.

మా మేనల్లుడి ప్రశ్నకు నా జవాబు ఇది. ఉక్కు మీద బిగువు పడటానికి 5 సెకన్లు ధారాళంగా చాలు, ఉక్కు క్షణంలోనే స్పందిస్తుంది. చూసే మనిషికి మాత్రం 5 సెకన్లు చాలా తక్కువ. కప్లింగు అంచున తెల్ల నీటి పొర ముందే తడిగా ఉన్నచోట కొత్త చెమ్మను గుర్తుపట్టాలన్నా, వెల్డు వెంబడి 12 మీటర్లూ కళ్లు తిప్పాలన్నా 5 సెకన్లు ఎటూ సరిపోవు. ప్రమాణంలో ఉన్నది కనీసం. కనీసాన్ని గరిష్ఠంగా మార్చుకున్నది మనం. వెల్డు పైపులకూ, అధిక పీడనం బావులకు వెళ్లే పైపులకూ ఇంకాస్త ఎక్కువసేపు నిలబెట్టమని కొనేవాళ్లు అడగొచ్చు, ఏ ప్రమాణమూ అడ్డుపడదు. మిల్లు వాళ్లు ఉత్పత్తి తగ్గుతుందంటారు, నిజమే, తగ్గుతుంది. ఆ తగ్గుదల ధరలో కలుపుకోవచ్చు.

"అయితే మామా, నేను మా సారుకు ఏం చెప్పాల?" అన్నాడు వాడు.

"ఏమీ చెప్పొద్దు. నీ గీతకు పైన బల్లపరుపు ఉండేటట్టు చూసుకో. లేకపోతే పైపు వదలొద్దు. ఎందుకు వదల్లేదని అడిగితే గీత చూపించు."

"వదలకపోతే తిడతారు గదా?"

తిడతారు. అందుకే ఇది వాడొక్కడి ధైర్యం మీద వదిలేసే విషయం కాదు. హైడ్రో బెంచీ ఆపరేటరు ఉత్పత్తి విభాగం కింద ఉండకూడదు, నాణ్యత విభాగం కింద ఉండాలి. అతని జీతంలో టన్నుల బోనసు ఉండకూడదు. పైపును ఆపే హక్కు అతనికి కాగితం మీద రాసి ఇవ్వాలి, ఆ పైపును మళ్లీ వదలాలంటే పైవాడు తన పేరుతో సంతకం పెట్టి వదలాలి. మన ఐటీఐల్లో కూడా ఫిట్టర్ పిల్లలకు గేజి ఎలా బిగించాలో నేర్పుతున్నారు గానీ, గేజిని డెడ్ వెయిట్ టెస్టర్ మీద, అంటే తెలిసిన బరువులు పెట్టి, సరిచూడటం, చార్టు గీతను చదవడం నేర్పితే కావలి నుంచి, కందుకూరు నుంచి, ఒంగోలు నుంచి వెళ్లే పిల్లలు మొదటి రోజు నుంచే అక్కడ లెక్కకు వస్తారు. ఒక్క వారం పాఠం అది, రెండు గేజీలు, ఒక చేతి పంపు, ఒక పైపు ముక్క ఉంటే చాలు.

కొనే కంపెనీల్లో పనిచేస్తూ ఇది చదువుతున్న వాళ్లు ఉంటే, వాళ్లతో ఒక మాట. మిల్లు పంపే టెస్ట్ సర్టిఫికెట్లో ఇప్పుడు మీకు వచ్చేది ఒత్తిడి అంకె, సెకన్ల అంకె, పాస్ అన్న మాట. మీ కొనుగోలు ఆర్డరులో ఒక వాక్యం చేర్చండి: ప్రతి పైపు నంబరుకూ దాని ఒత్తిడి-కాలం గీత పూర్తిగా, దిద్దకుండా, సర్టిఫికెట్‌తో పాటే పంపాలి. రికార్డర్లు ఆ గీతను ఎలాగూ దాచుకుంటూనే ఉన్నాయి, అదనంగా ఖర్చేమీ లేదు. వచ్చిన గీతల్ని ఒక మనిషిని కూర్చోబెట్టి చదివించండి. గాలి సరిగ్గా పోని పైపు గీత నెమ్మదిగా, వంకరగా ఎక్కుతుంది. సీలు కారుతున్న పైపు గీతకు పైన వాలు ఉంటుంది. తప్పు గ్రేడు పైపు గీత సగంలో మెడ వంచుతుంది. వరసగా వంద పైపుల గీతలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయంటే వెంటనే ఆ మిల్లుకు మనిషిని పంపండి.